బండ్రి కొండెక్కిన పాత జీపు

మొన్న ఒక ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివే పిల్లల ముందు నన్ను మాట్లాడమన్నారు. "మీరెలా పైకొచ్చారో చెప్పండి, పిల్లలకు ధైర్యంగా ఉంటుంది" అన్నారు. నేనేమీ పైకి రాలేదు. నా ఉద్యోగమంతా బండ్ల కింద పడుకునే గడిచింది. అక్కడ ఏం కనపడుతుందో, కనపడింది కనపడినట్టు చెబితే ఏమవుతుందో చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ప్రిన్సిపాలుగారు లేచి టీ వచ్చిందన్నారు. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చేవాళ్లు చదివితే మంచిది. చదివి వేరే పని చూసుకున్నా నాకు బాధ లేదు.

పాత బండిని చూడటం

మైనింగ్ ఊపు మీదున్న రోజుల్లో బళ్లారిలో ఫోర్‌వీల్ జీపు దొరకడమే కష్టం. సండూరు కొండల మీద దారులంటూ లేవు, లారీలు తొక్కిందే దారి. మామూలు బండి ఆ ఎర్రమట్టిలో ఎక్కదు. అందుకని ఎక్కడెక్కడి వేలాల్లోనో పాడిన పాత మిలిటరీ జీపులు, ఆఫీసులు వదిలేసిన జీపులు లారీల మీద వచ్చి పడేవి. మూడు రోజుల్లో వాటికి రంగు వేసి, సీట్లు కుట్టించి అమ్మేవాళ్లు.

అలాంటి బండిని చూడటానికి వెళ్లినప్పుడు ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే, మీరొచ్చేలోపు స్టార్ట్ చేసి ఉంచారని అర్థం. చల్లారేదాకా కూర్చోండి. రోగం ఉన్న ఇంజిన్ తెల్లవారి మొదటి దగ్గులోనే బయటపడుతుంది, వేడెక్కాక అన్ని ఇంజిన్లూ మంచివే. గేర్ ఆయిల్ వేలితో తీసి చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఆ బండి నీళ్లలో మునిగిందని తెలుసుకోండి. గేర్ బాక్సు మోత వినపడకుండా ఆయిల్లో రంపపు పొట్టు కలిపే మహానుభావులుంటారు. ఆయిల్ వేళ్ల మధ్య గరగరలాడుతుందేమో చూడాలి. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే ఏది ఊగుతోందో తెలిసేదాకా వదలకండి. బ్రేకు డ్రమ్ములు నాలుగూ విప్పించండి. ఎర్రదుమ్ము లోపల చేరి బ్రేకు షూలను సబ్బుబిళ్లలా అరగదీస్తుంది.

ఆ తర్వాత కింద పడుకోండి. ఇంజిన్ పాడైతే బండి ఆగిపోతుంది, అంతే. బండినంతా మోసే ఇనుపచట్రం, ఆ చాసీ పాడైతే అది ఆగదు, పోతూనే విరుగుతుంది. చాసీకి కొత్త రంగు వేసి ఉంటే, ఆ రంగు ఎందుకు వేశారో తెలిసేదాకా పైకి లేవొద్దు.

ఇంతవరకూ ఎవరైనా నేర్పగలరు. ఇది తెలిస్తే పని తెలిసినట్టేనని నేనూ చాలాకాలం అనుకున్నాను.

బసివిరెడ్డి

బసివిరెడ్డిది సిరుగుప్ప దగ్గర హచ్చొళ్ళి. వరి పండించే కుటుంబం, తాతల కాలం నుంచీ స్థిరపడినవాళ్లు. నేను సొంతంగా షెడ్డు పెట్టుకుని ట్రాక్టర్లు బాగుచేసే రోజుల్లో ఆయన తన ట్రాక్టరు తెచ్చేవాడు. పని అయ్యేదాకా నా టూల్ బాక్సు మీద కూర్చుని, సద్దిమూట విప్పి, జొన్నరొట్టె, గుంటూరు కారం నాక్కూడా పెట్టి తినేవాడు. మా అమ్మ పోయినప్పుడు మా సమాధుల తోట దాకా నడిచొచ్చాడు. మాది మిషన్ కాలం నాటి క్రైస్తవ కుటుంబం. పెద్ద రైతులు మా సావుకు నడిచి రావడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. ఆ సంగతి నేను మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే నాకే బాగుండేది.

కొండల్లో ఇనుపమట్టికి గిరాకీ వచ్చాక ఆయన వ్యవసాయం తమ్ముళ్లకు వదిలేసి ట్రాన్స్‌పోర్టు పెట్టాడు. ముందు లారీలు, తర్వాత జీపులు. నన్ను పిలిచి, "దాసప్పా, నీ షెడ్డు మూసేసి నా తాకి రా. బండ్లన్నీ నీ చేతిలో పెడతా. నువ్వు చూసిందే బండి, నువ్వు వద్దన్నది ఇనుము" అన్నాడు. నా పేరు ప్రభుదాసు. ఆయన ఒక్కడే దాసప్పా అనేవాడు. నేను నమ్మి వెళ్లాను.

మొదట్లో మాట నిలబెట్టుకున్నాడు. నేను వద్దన్న బండి కొనలేదు. ఒకసారి అమ్మేవాడి ముందే, "మా మేస్త్రీ తల ఊపలేదు, ఇంక మాటల్లేవు" అని లేచి వచ్చాడు. ఆ రోజు నేను ఇంటికి గర్వంగా వెళ్లాను. యజమాని మీ మాట వినడం మీ గొప్ప కాదని పిల్లలు తెలుసుకోవాలి. వినడం వల్ల ఆయనకు నష్టం లేనంతకాలం వింటాడు.

తెల్లరంగు జీపు

ఆ జీపు వచ్చినప్పుడు షెడ్డులో అందరూ దాని చుట్టూ చేరారు. తెల్లరంగు, కొత్త టాపు, మంచి టైర్లు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే ఒక్క తిప్పుకు అందుకుంది. డ్రైవర్ ఈరన్న స్టీరింగు ముందు కూర్చుని దిగనంటాడు. ఈరన్న మంచి డ్రైవరు. క్లచ్చు మీద కాలు పెట్టి తోలేవాడు కాదు, బ్రేకు వేడెక్కనిచ్చేవాడు కాదు. నేను మెచ్చుకున్న డ్రైవర్లు తక్కువ, వాళ్లలో అతనొకడు.

నేను కింద పడుకున్నాను. స్టీరింగ్ బాక్సు బిగించే చోట, కుడివైపు చాసీకి రంగు మరీ దట్టంగా ఉంది. సుత్తితో తట్టాను. మంచి ఇనుము మోగుతుంది, అది మోగలేదు. రంగు గీకితే కింద ఒక పట్టీ వెల్డింగు చేసి ఉంది. ఆ పట్టీ అంచు దాటి, వెంట్రుక మందాన చీలిక పైకి పోతోంది.

రెడ్డిని పిలిచి చూపించాను. ఈరన్నను స్టీరింగు అటూ ఇటూ తిప్పమన్నాను. తిప్పినప్పుడల్లా బాక్సు కదులుతోంది, చీలిక పెదవుల్లా తెరుచుకుని మూసుకుంటోంది.

"కనపడిందా రెడ్డప్పా?"

రెడ్డి గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. "కనపడింది. బాగు చెయ్యి."

"బాగు చెయ్యాలంటే బాడీ దించి, ఈ చాసీ తీసేసి వేరేది వెయ్యాల. వేరే చాసీ యాడన్నా వెతకాల."

"అన్ని దినాలు నిలబెడితే ఎట్లప్పా? బండ్రి లైనుకు బండి లేదు. ఇంకో పట్టీ వెయ్యి."

"పట్టీ మీద పట్టీ వేస్తే దాని పక్కన చీలతాది. ఇది కొండెక్కే బండి కాదు. యార్డులో నీళ్లు మోసేదానికి పెట్టుకోండి."

ఆయన లేచి మోకాళ్ల దుమ్ము దులుపుకున్నాడు. "ఆయ్తు, సరేలే, యార్డులోనే పెడదాం" అన్నాడు.

బండ్రి లైనంటే, ఆ ఊరి నుంచి ఆడవాళ్లను కొండ మీదికి తీసుకుపోయే ట్రిప్పులు. లారీల మట్టి ఒకచోట కుప్ప పోస్తే, వీళ్లు కూర్చుని సుత్తులతో రాళ్లు పగలగొట్టి, మంచి ఇనుపరాయి ఒకపక్కకు, మిగిలింది ఒకపక్కకు ఏరేవాళ్లు. పొద్దునే ముందు చేరిన గుంపుకే మంచి కుప్ప దొరికేది. ఒక్కో జీపులో ఎంతమంది పడితే అంతమంది ఎక్కేవాళ్లు.

రోజూ క్షేమంగా తిరిగొచ్చింది

ఈస్టరుకు సెలవు పెట్టి నేను పని మీదికి తిరిగొచ్చేసరికి తెల్లజీపు యార్డులో లేదు. సాయంత్రం ఎర్రగా దుమ్ము కొట్టుకుని కొండ దిగి వచ్చింది. వేరే వెల్డరు చేత రెండో పట్టీ వేయించారు. దాని మీద రంగు ఇంకా అంటుతోంది.

ఈరన్నను పక్కకు పిలిచాను. "నీ కళ్లతో చూస్తివి గదా. ఎట్లా ఎక్కిచ్చినావు?"

"రెడ్డి పొమ్మన్న్యాడు. పట్టీ ఏసినారు గదప్పా. బండి ఏమీ అనలా, సుమ్నే పోయింది, గమ్మున వచ్చింది."

మర్నాడూ పోయింది, వచ్చింది. ఆ వారమంతా పోయి వచ్చింది. ఈ వృత్తిలో అన్నిటికన్నా చేదైన సంగతి ఇదే. పాడు బండి క్షేమంగా తిరిగొచ్చిన ప్రతి సాయంత్రం మీ మాట అబద్ధమని ఊరంతటికీ సాక్ష్యం చెబుతుంది. డ్రైవర్లు నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టారు. జీపు గేటులోకి రాగానే ఒకడు, "మేస్త్రీ, మీ బండి చచ్చిపోలేదు, వచ్చింది చూడండి" అనేవాడు. వాన పడేదాకా నవ్వారు.

ఒకరోజు నేనే బండ్రి వెళ్లాను. జీపు ఎక్కే చోట ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. వాళ్ల గుంపుకు పెద్ద హనుమక్క. సగం కన్నడంలో, సగం తెలుగులో మాట్లాడేది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆమె చెప్పేది, తను మాత్రం ఎప్పుడూ వెనకతలుపు దగ్గర అంచు మీద కూర్చునేది.

"హనుమక్కా, ఈ బండి ఎక్కాకండి. దీని చాసీ చీలింది" అన్నాను.

"చీలిన బండిని ఎందుకు పంపిచ్చినారన్నా?"

"నేను పంపలా. వద్దనే చెప్పినా."

"అయితే ఇంకో బండి ఉండాదా?"

లేదు. 

"నడిచి పోతే మేం చేరేతలికి కుప్ప ఇంకొకరు పట్టుకుంటారు. నువ్వు మంచికే చెప్తాండావు, తెలుసు. ఇంకో బండి తెచ్చి ఎక్కొద్దని చెప్పు, వింటాం" అంది. కోపంగా అనలేదు. అని, చిన్న పిల్లల తల్లిని ఒకామెను ముందుకు జరిపి కూర్చోబెట్టింది.

ఆ సాయంత్రం జీపు యార్డుకు రాగానే నేను స్టీరింగు రాడ్డు విప్పి, నా పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాను. రాడ్డు లేకపోతే బండి కదలదు కదా అనుకున్నాను. తెల్లారి గంటలో బజారు నుంచి వేరే రాడ్డు తెచ్చి బిగించేశారు. రెడ్డి నన్ను ఆఫీసు గదిలోకి పిలిచాడు. టూల్ బాక్సు మీద కూర్చుని రొట్టె తిన్న మనిషే, అప్పటికి అద్దాల బల్ల వెనక కూర్చుంటున్నాడు.

"దాసప్పా, నా బండి విప్పేదానికి నువ్వెవరు?"

"మీరే గదా రెడ్డప్పా, నేను వద్దన్నది ఇనుమంటిరి."

"అప్పుడు నాకు రెండు బండ్లుండె. ఇప్పుడు నేను మాట ఇచ్చినోళ్లు చానామంది ఉండారు. రేపటి నుంచి నువ్వు ఆఫీసు కార్లు చూసుకో. జీపుల జోలికి పోవాకు."

ఆయన గొంతులో కోపం లేదు. అలసట ఉంది. ఆయన్ని ఒట్టి దుర్మార్గుడని రాస్తే నాకు సులువుగా ఉంటుంది, మీకూ సులువుగా ఉంటుంది. అలాంటివాణ్ణి దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. నేను చూసిన నష్టాలన్నీ మామూలు మనుషులు తొందరలో చేసినవే.

మలుపు

మొదటి వాన పడిన తర్వాత జరిగింది. కొండ దిగుతుండగా ఒక మలుపులో చాసీ ఆ రెండు పట్టీల మధ్య తెరుచుకుంది. ఈరన్న స్టీరింగు తిప్పుతూనే ఉన్నాడు, చక్రాలు తిరగలేదు. జీపు గట్టు దాటి లోయవైపు పల్టీ కొట్టింది. హనుమక్క అక్కడే పోయింది. మిగతావాళ్లకు కాళ్లు చేతులు విరిగాయి. ఆ పసిపిల్లల తల్లికి ఒక కాలు మోకాలి దాకా తీసేశారు. ఈరన్నకు పక్కటెముకలు విరిగాయి.

కబురు తెలియగానే నేను వెళ్లాను. జీపు ఒరిగి పడి ఉంది. విరిగిన చోటు నా కంటికి ఎదురుగా ఉంది. కొత్తగా విరిగిన ఇనుము తళతళలాడుతుంది, పాత చీలిక తుప్పు పట్టి ఉంటుంది. అక్కడ చిన్నవేలి వెడల్పు మాత్రమే తెల్లగా ఉంది, మిగతాదంతా ఎర్రతుప్పు. అంటే చాలాకాలంగా ఆ చిన్నవేలంత ఇనుమే అంతమందినీ మోసింది.

బండ్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు చూపించాను. ఆయన మంచివాడే. వంగి చూసి, "నిజమే, ఇది పాత చీలికే" అన్నాడు. కానీ ఆయన రాయాల్సిన చోట చాసీ విరిగిందని మాత్రమే రాశాడు. ముందు విరిగిందా, పడ్డాక విరిగిందా అన్నది రాయలేదు. బండి రెడ్డి చేతికి తిరిగొచ్చింది. అదే వారం గ్యాసు పెట్టి ముక్కలు కోసి పాత ఇనుముకు పంపేశారు.

"పోయినోళ్లు పోయినారు, దాసప్పా. బండి పడినాక రాళ్లకు కొట్టుకుని చాసీ విరిగిందని చెప్పు. అంతకంటే నిన్నేమీ అడగను" అన్నాడు రెడ్డి.

"హనుమక్కకు నేను చెప్పింది వేరే రెడ్డప్పా" అన్నాను. ఆ రోజుతో అక్కడ నా పని అయిపోయింది.

కోర్టులో

కేసు ఈరన్న మీద పెట్టారు, అతివేగం, అజాగ్రత్త అని. నన్ను ఈరన్న తరఫున సాక్షిగా పిలుస్తారనుకున్నాను, ఎవరూ పిలవలేదు. చివరికి హనుమక్క కొడుకు నష్టపరిహారం కోసం వేసిన దావాలో అతని లాయరు పిలిపించాడు. నేను చీలిక సంగతి, పట్టీల సంగతి, రాడ్డు విప్పిన సంగతి అంతా చెప్పాను.

రెడ్డి తరఫు లాయరు ఒకే ఒక్కటి అడిగాడు. "మిమ్మల్ని జీపుల పని నుంచి తీసి కార్ల పనికి వేశారు. తర్వాత ఉద్యోగమే పోయింది. యజమాని మీద మీకు కోపముందా లేదా?"

"ఉంది" అన్నాను. అబద్ధమెందుకు చెప్పాలి. ఆయన కూర్చున్నాడు. దాంతో నేను చెప్పిందంతా కోపంతో చెప్పినట్టయింది.

తర్వాత ఈరన్నను అడిగారు. అతను నా వైపు చూడలేదు. "స్టీరింగు బాగుండె సార్. వాన పడింది, తొందరగా తోలినా. తప్పు నాదే" అన్నాడు.

నిజం చెబితే ముందు తను బయటపడేవాడు. ఆ చీలిక తెరుచుకుని మూసుకోవడం నాతో పాటు కళ్లారా చూసిన మనిషి అతను. నేను ఉద్యోగం పోగొట్టుకుని చెప్పిన నిజం ఎవరిని కాపాడేదో అతనే నిండు కోర్టులో నన్ను అబద్ధాలకోరును చేశాడు. ఆ మాటతోనే తర్వాత పోలీసు కేసులో అతనికి జైలు పడింది. నేను ఆ రోజు బళ్లారి గాంధీనగర్‌లోని ఇంటికొచ్చి, భోజనం వద్దని పడుకున్నాను. 

కొంతకాలానికి మైనింగ్ ఆగిపోయింది. లారీలు రోడ్ల పక్కన వరసగా నిలబడి తుప్పు పట్టాయి. రెడ్డి ఉన్నవన్నీ అమ్ముకుని హచ్చొళ్ళికే పోయాడని విన్నాను. నేను ఇంకొకరి సర్వీసు షెడ్డులో ఆయిల్ మార్చి, ఫిల్టర్లు కడిగి, ఎవరికీ ఏ సలహా చెప్పకుండా రిటైరయ్యాను.

ఈరన్న

పోయిన సంవత్సరం ఈరన్న మా ఇంటికొచ్చాడు. జుట్టంతా నెరిసింది. మా ఆవిడ సరోజ మజ్జిగ ఇచ్చింది. నేను కూర్చోమనలేదు, అతనే కూర్చున్నాడు.

"అప్పుడు రెడ్డి, ఇంట్లోవాళ్లని చూసుకుంటానన్న్యాడప్పా. మైనింగ్ ఉన్నన్నాళ్లు చూసుకున్న్యాడు కూడా. నీ మాట చెప్పుంటే ఎవరు చూసుకుందురు?" అన్నాడు. క్షమించమని అడగలేదు, లెక్క ఒప్పజెప్పినట్టు చెప్పాడు. 

తర్వాత అసలు సంగతి చెప్పాడు. "ఒక బండి చూడల్ల. నీ కంటే తెలిసినోడు నాకు లేడు."

వీధిలో జీపు ఉంది. మైనింగ్ ఆగాక చవగ్గా అమ్మిన వాటిలో ఒకటి. నాకు వంగే ఓపిక లేదు, అయినా గోనెపట్టా పరుచుకుని కింద పడుకున్నాను. ముందు భాగం బాగుంది. వెనక ఇరుసును పట్టి ఉంచే కమాన్ స్ప్రింగులు బిగించే చోట చాసీ పొరలు పొరలుగా తుప్పు లేచి ఉంది. స్క్రూడ్రైవరు పెట్టి నొక్కితే లోపలికి దిగింది.

లేచి చెప్పాను. అంతా శ్రద్ధగా విన్నాడు. కిందికి వంగి, నేను చూపించిన చోట తనూ వేలు పెట్టి చూశాడు.

"ఇంక ఎన్నాళ్లొస్తాది?"

"రేపన్నా పోవచ్చు."

"రేపు పోకపోవచ్చు గదా" అన్నాడు.

ఆ మాటకు నేను అతని ముఖంలోకి చూశాను. ఎగతాళి లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

మిరపకాయల కాలం వచ్చింది. పొద్దున నేను సిరుగుప్ప రోడ్డు వైపు నడవడానికి వెళతాను. ఒకరోజు ఆ జీపు ఎదురొచ్చింది. వెనక కాయలు కోసేందుకు పోతున్న ఆడవాళ్లు, తలుపు అంచు మీద కూడా కూర్చుని ఉన్నారు. స్టీరింగు దగ్గర ఈరన్న. నేను రోడ్డు మధ్యలో నిలబడ్డాను. జీపు ఆగింది.

"ఏమైందప్పా, పొద్దెక్కుతాండాది" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"దిగండమ్మా. దీని చాసీ తుప్పు పట్టింది" అన్నాను.

వాళ్లలో పెద్దామె ఒకామె తల బయటికి పెట్టి నన్ను చూసింది. "ఏ బండికి పట్టలేదు తాతా" అంది.

ఈరన్న దిగి వచ్చాడు. నా ముంజెయ్యి మెల్లగా పట్టుకుని, పెద్దవాణ్ణి రోడ్డు దాటించినట్టు పక్కకు తీసుకొచ్చి నిలబెట్టాడు. "ఎండలో నిలబడాకప్పా, ఇంటికి పో" అన్నాడు. వెళ్లి జీపు ఎక్కాడు.

జీపు నన్ను దాటిపోయింది. మట్టిరోడ్డులోకి మళ్లగానే దాని జాడలు కనపడ్డాయి. వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో పోవడం లేదు, కొంచెం పక్కగా పోతున్నాయి. వెనక ఇరుసు అప్పటికే జరగడం మొదలుపెట్టింది. ఆ ఆడవాళ్ల మాటలు వినపడకుండా పోయేదాకా నేను అక్కడే నిలబడి ఆ జాడలు చూస్తున్నాను.